లేజర్లతో వైద్య ఐసోటోపులు

సంపాదకునికి,

గుంటూరులో మా అమ్మగారి గుండె స్కాన్, అందుకు వాడే రేడియోధార్మిక ఐసోటోపు టెక్నీషియం అందక రెండుసార్లు వాయిదా పడింది. ఆరు గంటల్లో సగానికి తరిగిపోయే టెక్నీషియం-99ఎంకు మూలమైన మాలిబ్డినం-99 కూడా 66 గంటల్లో సగమవుతుంది కనుక నిల్వ ఉంచడం కుదరదు. పైగా అది ప్రపంచంలోని కొద్దిపాటి అణు రియాక్టర్ల నుంచే వస్తోంది. 2009లో కెనడాలోని చాక్ రివర్ రియాక్టర్ ఆగిపోగానే ఎన్నో దేశాల్లో కొరత ఏర్పడింది.

మాలిబ్డినం-99 తయారీకి లేజర్లు మరో మార్గం. అత్యంత శక్తిమంతమైన లేజర్ కాంతిని వాయువుపై కేంద్రీకరిస్తే ఎలక్ట్రాన్లు కొద్ది మిల్లీమీటర్లలోనే అమిత వేగం పుంజుకుంటాయి. అవి బరువైన లోహాన్ని తాకినప్పుడు వెలువడే గామా కిరణాలు మాలిబ్డినం-100 నుంచి ఒక న్యూట్రాన్‌ను తొలగించి మాలిబ్డినం-99ను ఇవ్వగలవు. రియాక్టర్లలో వాడే యురేనియం ఇందుకు అక్కర్లేదు. అయితే ఆసుపత్రులకు చాలినంత తయారు కావాలంటే లేజర్ సెకనుకు ఇప్పటికన్నా మరెన్నో రెట్లు ఎక్కువసార్లు మెరవాలి. ఇందౌర్‌లోని రాజా రామన్న కేంద్రానికి లేజర్లపై ఉన్న అనుభవాన్ని ఈ పరిశోధనకు మళ్లించేందుకు అణుశక్తి శాఖ నిధులు కేటాయించాలని కోరుతున్నాను.

— ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు