మూతి పక్కకు లాగితే పసరు కాదు, అదే రోజు డాక్టరు

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ ఆరోగ్యం పేజీలో పక్షవాతం మీద వచ్చిన వ్యాసం బాగుంది. మూతి పక్కకు లాగినా, చెయ్యి పట్టు తప్పినా, మాట ముద్దగా వచ్చినా వెంటనే పెద్దాసుపత్రికి పరుగెత్తాలని, నాలుగున్నర గంటల్లోపు చేరితే మెదడులోని రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఇచ్చే వీలుంటుందని స్పష్టంగా రాశారు. అది చదివి మా క్లినిక్‌కి వచ్చినవాళ్లు అడుగుతున్న ప్రశ్న ఒకటుంది. "కాలూ చెయ్యీ బాగానే ఉన్నాయి, మూతి ఒక్కటే వంకర పోయింది, ఇదీ పక్షవాతమేనా?" దానికి జవాబు మీ వ్యాసంలో లేదు. ఆ జవాబు తెలియక మన జిల్లాలో ఎంతోమంది పసరు మందుల చుట్టూ తిరిగి విలువైన రోజులు పోగొట్టుకుంటున్నారు. నేను గుంటూరు కొత్తపేటలో చాలా ఏళ్లుగా ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను. కళ్లతో చూస్తున్నదే రాస్తున్నాను.

మెదడు నుంచి నేరుగా బయలుదేరే నరాలు 12 జతలు. వాటిలో ఏడోది ముఖానికి వెళ్తుంది. ఎడమకొకటి, కుడికొకటి. మెదడును కప్పి ఉంచే పొరలు దాటి అది చెవి వెనకున్న ఎముకలోకి దూరుతుంది. ఆ ఎముకలో దాని దారి మూడు సెంటీమీటర్ల దాకా ఉంటుంది, అదీ మెలికలు తిరిగి. అందులో బాగా ఇరుకైన చోట వెడల్పు ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. నరం కాస్త వాచినా చుట్టూ ఉన్నది ఎముక కాబట్టి జరగడానికి చోటుండదు, తన వాపుకి తనే నలిగిపోతుంది. ఎక్కువమందిలో మూతి వంకర పోవడానికి కారణం ఇదే. ఈ నరం పని గురించి 1821లో వివరించిన చార్లెస్ బెల్ అనే స్కాట్లండ్ సర్జన్ పేరు మీద దీన్ని బెల్స్ పాల్సీ అంటారు. రాత్రి బాగానే పడుకుని, పొద్దున పుక్కిలిస్తుంటే నీళ్లు ఒక పక్క నుంచి కారిపోయేసరికి గుర్తిస్తారు. బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే గాలి కొట్టిందనుకుంటారు. అసలు మూలం చాలావరకు లోపల నిద్రాణంగా ఉన్న వైరస్ మళ్లీ లేవడమేనని వైద్యుల అంచనా. షుగరు ఉన్నవాళ్లకు, నెలలు నిండుతున్న గర్భిణులకు ఇది వచ్చే అవకాశం కాస్త ఎక్కువ.

ఎముకలోంచి చెవి కింద బయటికొచ్చాక ఆ నరం పరోటిడ్ గ్రంథిలోకి వెళ్తుంది. గవదబిళ్లలు వచ్చినప్పుడు వాచేది ఆ గ్రంథే. నరం దాని మధ్యలోంచి పోతుంది కానీ దానికి ఒక్క కొమ్మ కూడా ఇవ్వదు. ఆ గ్రంథిలో లాలాజలం ఊరించే పని తొమ్మిదో నరానిది. ఏడో నరం అక్కడే అయిదు కొమ్మలుగా చీలి ముఖమంతా పరుచుకుంటుంది. మా దగ్గరికి వచ్చినవాళ్లకు నేనిలా చూపిస్తాను: మణికట్టు చెవి కింద ఆనించి, అరచెయ్యి చెంప మీద పెట్టి వేళ్లు చాపమంటాను. బొటనవేలు కణత మీదుగా నుదుటి వైపు, చూపుడు వేలు కంటి వైపు, మధ్యవేలు పై పెదవి వైపు, ఉంగరపు వేలు దవడ అంచున కింది పెదవికి, చిటికెన వేలు మెడ మీదికి. కనుబొమ్మ ఎగరెయ్యడం, కన్ను మూయడం, నవ్వడం, ఈల వెయ్యడం అంతా ఆ అయిదు కొమ్మల పనే.

నమలడం మాత్రం అయిదో నరం చేతిలో ఉంది. అందుకే మూతి వంకర పోయినా నమలగలరు, కానీ చెంప కండరం లోపలికి నెట్టదు కాబట్టి అన్నం ముద్ద దవడకీ చెంపకీ మధ్య ఇరుక్కుంటుంది. ప, బ, మ అక్షరాలు పలకబోతే గాలి పక్క నుంచి తప్పించుకుంటుంది. నాలుక ముందు భాగంలో రుచి తగ్గుతుంది, ఆ రుచిని మోసే తీగ కూడా ఈ నరంలోంచే వస్తుంది మరి. ఒక టీచరమ్మ నా దగ్గరికొచ్చి, మూతి సంగతి తర్వాత, ముందు కుక్కర్ విజిల్ భరించలేకపోతున్నానని ఏడ్చింది. చెవి లోపల పెద్ద శబ్దాలను అణిచే ఒక బుల్లి కండరం ఉంది, దాన్ని నడిపేదీ ఏడో నరమే. ఇవన్నీ ఒకే నరానికి సంబంధించినవని తెలియక ఆమె చెవికి ఒక డాక్టరు, నాలుకకు ఇంకో డాక్టరు అంటూ తిరుగుతోంది.

మరి పక్షవాతానికీ దీనికీ తేడా ఎక్కడ? నుదుటి దగ్గర. నుదుటి కండరాలకు మెదడు రెండు అర్ధభాగాల నుంచీ ఆజ్ఞలు అందుతాయి. మెదడులో ఒక పక్క దెబ్బతిన్నా రెండో పక్క ఆదుకుంటుంది. అందుకే పక్షవాతంలో సాధారణంగా మూతి లాగినా నుదురు ముడతలు పడుతుంది, కన్ను మూతపడుతుంది. ఏడో నరమే చెవి దగ్గర నలిగితే ఆ పక్క నుదురు నున్నగా ఉండిపోతుంది, కనురెప్ప మూతపడదు. అయితే ఇది ఇంట్లో అద్దం ముందు నిలబడి తేల్చుకునే విషయం కాదని గట్టిగా చెప్తున్నాను. తెనాలి వైపు పల్లె నుంచి ఒక పెద్దావిడను కొడుకు నా దగ్గరికి తీసుకొచ్చాడు. "మొన్న పొద్దున మూతి లాగింది మేడమ్, పసరు పోయించాం" అన్నాడు. కనుబొమ్మలెత్తమంటే ఆవిడ నుదుటి మీద రెండు పక్కలా ముడతలు చక్కగా పడ్డాయి. కుడి చెయ్యి మాత్రం నా చెయ్యి పట్టుకోలేకపోయింది. ఆ నాలుగున్నర గంటలు పసరు పోసేవాడి గుమ్మం ముందు వరుసలో అయిపోయాయి. మూతి హఠాత్తుగా లాగితే, ఏదైనా సరే, ఆ గంటలోనే ఆసుపత్రికి వెళ్లాలి. ఏదన్నది అక్కడ తేలుస్తారు.

బెల్స్ పాల్సీ అని తేలినా తొందర తగ్గదు. దీనికి పనిచేసే మందు స్టెరాయిడ్ మాత్ర, అదీ 72 గంటల్లోపు మొదలుపెడితే. స్కాట్లండ్‌లో చేసిన ఒక పెద్ద పరిశోధన 2007లో వెలువడింది. ఆ గడువులో ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్ర మొదలుపెట్టినవాళ్లలో తొమ్మిది నెలలకు 94 శాతం మంది పూర్తిగా కోలుకున్నారు. ఆ మాత్ర వేసుకోనివాళ్లలో 82 శాతం. షుగరు, బీపీ ఉన్నవాళ్లకు ఈ మాత్ర డాక్టరు కనిపెట్టుకుని ఇవ్వాల్సినది, మందుల షాపులో అడిగి కొనుక్కునేది కాదు. చెవిలో పొక్కులు వచ్చినా, వారాల తరబడి మెల్లమెల్లగా లాగినా, చెవి కింద గడ్డ తగిలినా అది వేరే కథ. ఆ సంగతి డాక్టరుకి తప్పక చెప్పాలి.

పై లెక్కలోనే పసరు వైద్యుల పేరు ప్రతిష్ఠల గుట్టు ఉంది. ఏ మందూ లేకుండానే నూటికి 70 మందికి పైగా వాళ్లంతట వాళ్లే కోలుకుంటారు. చెవిలో పసరు పోసినా, పావురాయి రక్తం రాసినా, ఏమీ చెయ్యకపోయినా వాళ్లకు తగ్గేదే. తగ్గినవాళ్లు పదిమందికి చెప్తారు. తగ్గనివాళ్లు ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుని ఇంట్లోనే ఉండిపోతారు, వాళ్ల మాట ఎవరికీ వినపడదు.

మిర్చి యార్డులో బస్తాలు మోసే ఒకతని సంగతి చెప్తాను. మూతి లాగిన రెండు వారాల తర్వాత వచ్చాడు. కన్ను మూతపడదు. మూయబోతే రెప్ప సందులోంచి తెల్లగుడ్డు పైకి తిరగడం కనిపిస్తుంది. కన్నీటి గ్రంథికి కబురు మోసే తీగ కూడా ఈ నరానిదే కాబట్టి కన్ను ఎండిపోయి ఉంది. ఆ కంట్లో రోజూ మిరప ఘాటు, దుమ్ము. పసరు పోసినాయన ఏడు రోజులు కంటికి నీళ్లు తగలనివ్వద్దన్నాడట. నల్లగుడ్డు మీద పువ్వు వేసింది. తర్వాత మూతి చాలావరకు సరయింది, ఆ కంటి చూపు మాత్రం మసకగానే మిగిలింది. పగలు చుక్కల మందు, కళ్లజోడు, రాత్రి ఆయింట్‌మెంట్ రాసి రెప్ప మూసి టేపు అంటించడం, ఇంతే కావాల్సింది. ఖర్చు ఎంత? అతని ఒక్క రోజు కూలి కూడా కాదు. ఇది తలచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండిపోతుంది.

మా వృత్తిలోవాళ్లకూ ఒక మాట. "కరెంటు పెట్టండి మేడమ్" అని జనం అడుగుతారు. తొలి వారాల్లో కరెంటు పెడితే త్వరగా కోలుకుంటారనడానికి గట్టి ఆధారం లేదు. గట్టిగా బూరలు ఊదించడం వల్ల బాగున్న పక్క కండరాలే ఇంకా లాగుతాయి. అద్దం ముందు, వేలితో చెంపకు ఊతమిచ్చి, నెమ్మదిగా చేయించే కదలికలే మంచివి. ఓపిక కావాలి. తిరిగి మొలిచే నరం పోగులు ఒక్కోసారి దారి తప్పుతాయి కూడా. నాలుక కిందుండే వేరే లాలాజల గ్రంథులకు వెళ్లాల్సిన ఏడో నరం పోగు కన్నీటి గ్రంథికి చేరితే, గోంగూర ముద్ద నోట్లో పెట్టగానే కంట నీళ్లు కారతాయి. అలాంటివాళ్లు భయపడిపోయి వస్తారు. దానికీ చికిత్స ఉంది.

ఇక మీతో పని. మందులు, మంత్ర చికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టం 1954 నుంచీ ఉంది. పక్షవాతం నయం చేస్తామని ప్రకటించకూడదని దాని జాబితాలోనే ఉంది. అయినా బస్టాండు గోడల మీద, కరెంటు స్తంభాల మీద "మూతి వంకరకు, పక్షవాతానికి ఒక్క పూటలో మందు" అని కాగితాలు ఫోన్ నంబర్లతో సహా అంటించి ఉన్నాయి. మీ విలేకరులు వాటి మీద రాయాలి. మీ చిన్న ప్రకటనల్లో అలాంటివి రాకుండా మీరు చూడాలి. గ్రామాల్లో ముందుగా కబురందేది ఆశా కార్యకర్తకు కాబట్టి, జిల్లా వైద్యాధికారులు వాళ్ల నెలవారీ సమావేశంలో నుదురు, కన్ను, 72 గంటలు అన్న మూడు సంగతులు చెప్పించాలి.

మీ ఆరోగ్యం పేజీలో అరచెయ్యంత చోటిస్తే ఈ విషయం తేలిక మాటల్లో రాసి పంపుతాను. న్యూరాలజిస్టు ఒకరికి చూపించి సరిచూసుకున్నాకే వేయండి. నా దగ్గరికి వచ్చినవాళ్లను ఊళ్లో ఎవరూ గుర్తుపట్టకూడదు కాబట్టి నా పేరు వేయవద్దని మనవి.

ఇట్లు,
ఒక ఫిజియోథెరపిస్టు,
కొత్తపేట, గుంటూరు