పెట్టె మీద పండు, కప్పులో గోంగూర

పర్లాకిమిడి,
పుష్య మాసం

ప్రియమైన బావా,

ఇక్కడ మేమంతా క్షేమం. నువ్వు, చెల్లెమ్మ, పిల్లలు క్షేమంగా ఉన్నారని తలుస్తాను. మీ పెద్దవాడు జర్మనీ నుంచి తెచ్చిన టీల పెట్టెలో సగం నాకు పంపి, తీరికగా రుచి చూసి ఒక్కొక్క దాని సంగతీ రాయమన్నావు. ఉద్యోగం నుంచి విరమించుకున్నవాడికి తీరికకు కొదవ ఏముంటుంది? అన్నింటినీ రుచి చూశాం. నేను, మీ చెల్లెలు, మా అమ్మ ముగ్గురం కూర్చొని తాగాం గనుక ఈ ఉత్తరంలోని తీర్పులు నా ఒక్కడివే అనుకోకు. కొన్నింటి విషయంలో ఇంట్లో ఏకాభిప్రాయం కుదరలేదు.

పెట్టెను విప్పగానే మొదట వాటిని రెండు కుప్పలుగా వేరు చేశాం. నిజంగా టీ ఆకు ఉండి దానికి ఏదో ఒక పరిమళం పట్టించినవి ఒక కుప్ప, టీ ఆకు బొత్తిగా లేకుండా ఎండు పండ్లు, పూలు, వేళ్ళతో చేసినవి రెండో కుప్ప. నల్ల టీ, పచ్చ టీ, ఊలాంగ్ టీ అన్నీ కమేలియా సైనెన్సిస్ అనే ఒకే మొక్క ఆకు నుంచి వస్తాయని, కోసిన తరువాత ఆకును ఎంత వాడ్చారు, ఎంత నలిపారు, గాలికి ఎంతసేపు మగ్గనిచ్చారు అన్నదానిని బట్టి మాత్రమే అవి వేరవుతాయని నీకు తెలుసు. రెండో కుప్పలోనివి ఆ లెక్కన టీలే కావు, కషాయాలు. మనకు వచ్చిన వాటిలో కెఫీన్ కూడా లేదు. అందువల్ల రాత్రి భోజనం తరువాత తాగినా అమ్మకు నిద్ర చెడలేదు.

టీలను పోల్చి చూడడానికి ఐఎస్‌ఓ 3103 అనే అంతర్జాతీయ ప్రమాణం ఒకటి 1980లోనే వచ్చింది. తెల్లని పింగాణీ పాత్రలో 100 మిల్లీలీటర్ల మరుగుతున్న నీటికి 2 గ్రాముల ఆకు చొప్పున వేసి, మూతపెట్టి, సరిగ్గా 6 నిమిషాలు ఉంచి వడగట్టాలని దాని సారాంశం. ఇది రుచిగా టీ కాచే పద్ధతి అనుకుంటే పొరపాటు. ఆకులోని మంచీ చెడూ రెండూ దాపరికం లేకుండా బయటపడాలన్నదే ఆ 6 నిమిషాల ఉద్దేశం, కాబట్టి ఆ కప్పులోని వగరు నాలుకను పిండేస్తుంది. టీ కంపెనీలలో రుచి చూసే నిపుణులు దానిని చెంచాతో తీసుకొని, గాలితో కలిసి నోరంతా చిమ్మేటట్టు పెద్ద చప్పుడుతో జుర్రుతారు. నేను అలా జుర్రడం మొదలుపెట్టగానే, ఈ విద్యను వియ్యాలవారి ఎదుట మాత్రం ప్రదర్శించవద్దని మీ చెల్లెలు హెచ్చరించింది.

మొదటి కుప్పలో నాకు అన్నింటికంటే నచ్చినది మల్లెల టీ. చైనాలోని ఫుజియాన్ రాష్ట్రంలో ఫుజౌ నగరం దీనికి పెట్టింది పేరు. అక్కడి మల్లె తోటలను, టీ తోటలను కలిపి ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2014లో ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. వారు వాడే పువ్వు మన దొడ్లలో పూసే మల్లే. విచ్చని మొగ్గలను మధ్యాహ్నం కోసి, సాయంత్రం అవి విచ్చుకోవడం మొదలుపెట్టగానే పచ్చ టీ ఆకుతో కలిపి రాత్రంతా ఉంచుతారు. టీ ఆకుకు చుట్టుపక్కల వాసనలను పీల్చుకొనే గుణం ఉంది గనుక పువ్వులోని పరిమళం తెల్లవారేసరికి ఆకులోకి చేరుతుంది. అప్పుడు వాడిన పూలను జల్లించి తీసేసి, తేమ పట్టిన ఆకును మళ్ళీ ఆరబెట్టి, మరునాడు తాజా మొగ్గలతో అదే పని మొదలుపెడతారు. మేలు రకాలకు ఇలా అనేక రాత్రులు పడుతుంది. కాబట్టి పొట్లంలో పూరేకులు ఎక్కువగా కనబడితే అది మంచి మల్లెల టీ అని భ్రమపడకు. తన పరిమళమంతా ఆకుకు ఇచ్చేసిన పువ్వు అందులో అలంకారానికి తప్ప మరి దేనికీ పనికిరాదు.

అయితే దీనికి సలసల మరిగే నీళ్ళు పోయకూడదు. నీళ్ళు మరిగాక దించి, 80 డిగ్రీలకు చల్లారనిచ్చి పోస్తే, రెండు మూడు నిమిషాలలో లేత పసుపు రంగు దిగుతుంది. మొదట మల్లెల వాసన, దాని వెనుక తేలికైన తీపి, అన్నిటికంటే చివర కొద్దిపాటి వగరు వరుసగా నాలుకకు తెలుస్తాయి. మరిగే నీళ్ళు పోసిన కప్పులో చేదు ముందుకు వచ్చి ఆ వరుసంతా చెదిరిపోయింది. వేసవిలో మా వీధిలోకి మల్లెమొగ్గలు రాగానే, మామూలు పచ్చ టీ ఆకును స్టీలు డబ్బాలో మొగ్గలతో పొరలు పొరలుగా వేసి ప్రయత్నించాలని మీ చెల్లెలు ఇప్పటి నుంచే ఆలోచిస్తోంది.

ఎర్ల్ గ్రే అనే పరిమళపు నల్ల టీ గురించి నువ్వు ప్రత్యేకంగా అడిగావు. అందులోని వాసన బెర్గమాట్ అనే నిమ్మజాతి పండు తొక్క నుంచి తీసిన నూనెది. ఆ పండు ప్రధానంగా ఇటలీ దక్షిణపు కొసన ఉన్న కలాబ్రియా తీరంలో పండుతుంది. మన దబ్బకాయ తొక్కను గోటితో గిల్లినప్పుడు వచ్చే వాసనకు దగ్గరగా ఉంటుంది గాని, దానికంటే కొంచెం పూల వాసన ఎక్కువ. పాలు పోయకుండా తాగితే బాగుంది. పాలు, చక్కెర వేసి మరిగిస్తే వంటింట్లో ఎవరో సబ్బు అరగదీసినట్టుందని అమ్మ గ్లాసు పక్కన పెట్టేసింది, ఆమె మాట కాదనలేకపోయాను. పైన్ కట్టెల పొగలో ఆరబెట్టిన లాప్సాంగ్ సూచాంగ్ అనే చైనా నల్ల టీని మాత్రం, మేము ఎవరం ఊహించని విధంగా, అమ్మే మెచ్చుకుంది. అందులో కట్టెల పొయ్యి మీద కాచిన పాల వాసన ఉందట.

వనిల్లా, స్ట్రాబెర్రీ, కారమెల్ అని పేర్లున్న నల్ల టీల గురించి పెద్దగా చెప్పవలసినది లేదు. గుండ్రంగా తిరిగే పీపాలో ఆకును పోసి దాని మీద సువాసన ద్రవ్యాన్ని చిలకరిస్తారు. వాసన బలంగా ఉన్నచోట అడుగున ఉన్న ఆకు ఎంత నాసిరకమైనా పైకి తెలియదు. దీనిని పట్టుకోవడానికి సులువైన ఉపాయం ఉంది. ముక్కును రెండు వేళ్ళతో గట్టిగా మూసుకొని ఒక గుక్క తాగు. నాలుక తీపి, పులుపు, ఉప్పు, చేదు వంటి కొద్ది రుచులను మాత్రమే చెబుతుంది. మనం పండు రుచి అనుకొనేది చాలావరకు నోటి వెనుక దారిగుండా ముక్కుకు చేరే వాసనే. ముక్కు మూసుకొన్నప్పుడు స్ట్రాబెర్రీ టీలో మిగిలింది చప్పటి వగరు నీరు. వేళ్ళు తీయగానే స్ట్రాబెర్రీ ఒక్కసారిగా ప్రత్యక్షమైంది. మల్లెల టీని అలాగే తాగినప్పుడు వాసన పోయినా నోటిలో ఆకు తీపి నిలిచి ఉంది. ఆ తేడాయే నా దృష్టిలో మంచి పరిమళపు టీకి, మామూలు దానికి మధ్య ఉన్న దూరం. వనిల్లా కోసం ఎక్కడికో పోనక్కరలేదని కూడా చెప్పాలి. మన సుగంధిపాల వేరులో పరిమళాన్నిచ్చే పదార్థం వనిల్లాలోని వనిలిన్‌కు దగ్గరి చుట్టమే, రెండింటిలోనూ పరమాణువులు అవే, అమరిక ఒక్కటే వేరు. చితకగొట్టిన వేరుముక్క ఒకటి మామూలు నల్ల టీలో వేసి చూశాను, పెట్టెలో వచ్చిన వనిల్లా టీ కంటే అదే నయం.

ఇక రెండో కుప్పకు వస్తాను. నేను నిజానికి ఈ ఉత్తరం రాయడానికి కూర్చున్నది దీని కోసమే. పెట్టెల మీద చెర్రీ, రాస్ప్‌బెర్రీ, దానిమ్మ, అడవి పండ్లు అని రంగురంగుల బొమ్మలు ఉన్నాయి. పదార్థాలను బరువు ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా అచ్చు వేయాలన్న నియమం ఐరోపాలోనూ ఉంది, మన దేశంలోనూ ఉంది. ఆ వరుస చదివితే చెర్రీ పెట్టెలోనూ, దానిమ్మ పెట్టెలోనూ మొదటి పేరు ఒక్కటే, హైబిస్కస్. తరువాత ఎండు ఆపిల్ ముక్కలు, ఆ తరువాత రోజ్‌హిప్ అనే అడవిగులాబీ కాయ. బొమ్మలోని పండు మాత్రం ఎక్కడో చివర, కొన్నిచోట్ల సువాసన రూపంలోనే ఉంది.

హైబిస్కస్ అని చదివి మీ చెల్లెలు గుడికి పట్టుకెళ్ళే ఎర్ర మందారం అనుకుంది. అమ్మ ఆ పొడిలోంచి ముదురు ఎరుపు ముక్క ఒకటి ఏరి, గిన్నెలో వేడినీళ్ళు పోసి అందులో వేసింది. ముడుచుకున్న ముక్క మెల్లగా విచ్చుకొని, మొన తేలి, దళసరిగా, ఈనెలు కనబడే రేకు అయింది. దాని చుట్టూ నీళ్ళలోకి ఎరుపు తీగలు తీగలుగా దిగింది. అమ్మ రేకు కొసను పళ్ళతో కొరికి, “ఇది గోంగూర కాయ పైరేకు రా, దీంతో మేము పచ్చడి చేసేవాళ్ళం” అంది. ఆమె మాట అక్షరాలా నిజం. టీ పెట్టెలలో వాడేది హైబిస్కస్ సబ్దారిఫా, అంటే మన ఎర్ర గోంగూర కాయను చుట్టి ఉండే రేకులు. గుడికి తీసుకెళ్ళే మందారం అదే కుటుంబానికి చెందినదే గాని వేరే మొక్క. ఈ రేకుల పానీయం ఈజిప్టులో కర్కదే, సెనెగల్‌లో బిస్సాప్, మెక్సికోలో హమైకా. ఒక్క మనమే ఆకును పచ్చడికి వాడుకొని, కాయలను చాలావరకు పెరట్లో ఎండిపోనిస్తున్నాం.

దీని వల్ల పండ్ల కషాయాలన్నింటికీ రంగు, పులుపు ఒకే చోటి నుంచి వస్తున్నాయని తేలింది. చెర్రీ కప్పును, దానిమ్మ కప్పును పక్కపక్కన పెట్టి ముక్కు మూసుకొని తాగితే మా ముగ్గురిలో ఎవరమూ ఏది ఏదో చెప్పలేకపోయాం. ఇందులో మోసం ఉందని నేను అనను. పులుపు లేని పండ్ల కషాయం చప్పగా ఉంటుంది, ఆపిల్ ముక్కలు కాస్త తీపినీ చిక్కదనాన్నీ ఇస్తాయి, రోజ్‌హిప్ నోటికి కొంచెం చింతపండు గుజ్జులాంటి నిండుదనాన్ని కలిగిస్తుంది. అయినా చెర్రీ బొమ్మకు డబ్బు పోసి గోంగూరను దిగుమతి చేసుకోవడం నాకు మింగుడుపడలేదు.

అందుకని పొరుగు పల్లె నుంచి వచ్చిన కాయలు తెప్పించి, లోపలి గింజల బొడిపెను వేలితో బయటికి నెట్టి, రేకులను నీడలో ఆరబెట్టాం. ఎండలో పెట్టిన వాటి రంగు గోధుమకు తిరిగింది, నీడలో ఆరినవి ముదురు ఎరుపుగానే నిలిచాయి. వీటికి పచ్చ టీకి పట్టే మర్యాదలేమీ అక్కరలేదు. మరిగే నీళ్ళు పోసి మూతపెట్టి పది నిమిషాలు వదిలినా చేదు రాదు, పులుపే పెరుగుతుంది. చక్కెర కంటే బెల్లం నప్పింది. చిన్న అల్లం ముక్క వేస్తే గొంతులో వెచ్చదనం వచ్చింది. దాల్చినచెక్కతో నాకు నచ్చింది, అమ్మకు నచ్చలేదు.

గోంగూర తరువాత మారేడు మీద పడ్డాం. ఇక్కడ ఒడిశాలో ఏప్రిల్‌లో వచ్చే పణా సంక్రాంతి నాడు పండిన మారేడు గుజ్జుతో పానకం చేసి ఇంటింటా తాగుతారు, ఒడియా వాళ్ళతో పాటు మన తెలుగిళ్ళలోనూ ఆ అలవాటు ఉంది. థాయిలాండ్‌లో మాత్రం మారేడు కాయను అడ్డంగా చక్రాలుగా కోసి, ఎండబెట్టి, కాస్త వేయించి, నీళ్ళలో మరిగించి తాగుతారు. అలా చేసినప్పుడు కాల్చిన చక్కెర వాసన, పండు వాసన కలిసి వచ్చాయి. పులుపు లేదు, వగరు కొద్దిగా ఉంది. పెట్టెలోని అన్ని పండ్ల కషాయాలలోనూ ఇంత నిండైనది లేదని నా అభిప్రాయం. మా కంచె మీది నీలి శంఖపుష్పాలను కూడా వదలలేదు. వేడినీళ్ళలో వేస్తే సిరాలాంటి నీలం దిగుతుంది, నిమ్మరసం చుక్క పడగానే ఊదాగా మారుతుంది. పులుపు తగిలితే రంగు మార్చే ఆంథోసయనిన్లు అనే రంగు పదార్థాల మహిమ అది. మనుమలకు చూపడానికి బాగుంటుంది గాని రుచి మాత్రం దాదాపు శూన్యం.

పరిమళాలు, పండ్లు లేకుండా టీని మరో దారి పట్టించినవారు మా గజపతి జిల్లాలోనే ఉన్నారు. చంద్రగిరి వైపు కొండల్లో 1963 నుంచి టిబెటన్లు స్థిరపడ్డారు, జిరంగ్‌లోని వారి పెద్ద ఆరామాన్ని 2010లో దలైలామా ప్రారంభించారు. వారి సంప్రదాయపు టీలో ఆకును బాగా మరిగించి, వెన్న, ఉప్పు వేసి చిలుకుతారు. దానిని టీ అనుకొని తాగితే మొదటి గుక్క గొంతు దిగదు, పలుచని పులుసు అనుకొని తాగితే రెండో గుక్క కావాలనిపిస్తుంది. చలికాలం పొద్దున్నే కొండ మీద తాగవలసిన వస్తువు అది. నీ హైదరాబాదు ఇంట్లో దానికి పని లేదు.

రూయిబోస్, చామంతి కషాయాల గురించి రెండు మాటలు చాలు. దక్షిణాఫ్రికా కొండల్లో పెరిగే రూయిబోస్ పాలతో కూడా తాగదగినదే. చామంతి మా ఇంట్లో ఎవరికీ నచ్చలేదు.

ఈ ఉత్తరంతో పాటు మా ఇంట ఆరిన గోంగూర రేకుల పొట్లం, మారేడు చక్రాలు పంపుతున్నాను. రేకులు కప్పుకు ఒక చెంచా చాలు. అందులో పాలు పోయవద్దని చెల్లెమ్మకు మరీ మరీ చెప్పు, పులుపుకు విరిగిపోతాయి. ఈ కషాయం రక్తపోటును కొంత తగ్గిస్తుందని పరిశోధనల్లో తేలింది. నువ్వు ఇప్పటికే మాత్రలు వేసుకుంటున్నావు గనుక రోజూ తాగే ఆలోచన ఉంటే డాక్టరును ఒక మాట అడిగిన తరువాతే మొదలుపెట్టు. మీవాడు మళ్ళీ జర్మనీ వెళ్తే పండ్ల పెట్టెలు తేవద్దను, మల్లెల టీ దొరికితే ఒక్క పొట్లం తెమ్మను. ఇక్కడ మిగిలిన స్ట్రాబెర్రీ టీని మా పక్కింటి పిల్లలు చల్లార్చి ఐసుముక్కలతో తాగుతున్నారు, వారికిచ్చేయమంటావో, నీకు తిరిగి పంపమంటావో రాయి.

ఇట్లు,
నీ బావ