పాత కారు ఏసీ బాక్సు బిగించడానికి టైమ్ ఇవ్వండి

సంపాదకుల వారికి నమస్కారం.

ఎండలు ముదరగానే పత్రికల్లో కారు ఏసీ జాగ్రత్తలు వస్తుంటాయి. మీ పత్రికలోనూ చదివాను. నీడలో పార్క్ చేయండి, ఫిల్టర్ మార్పించండి, గ్యాస్ చెక్ చేయించండి అని రాస్తారు. కొత్త కార్ల వరకు ఆ మాటలు చాలు. కానీ పాతికేళ్లు, ముప్ఫై ఏళ్లు దాటిన కార్లను ప్రాణంగా చూసుకునేవాళ్లు మన దగ్గర చాలామంది ఉన్నారు. వాళ్ల కార్లలో డ్యాష్‌బోర్డ్ వెనకాల ఉండే ఏసీ హీటర్ బాక్సు సంగతి ఎవరూ రాయడం లేదు. నేను విజయవాడ ఆటోనగర్‌లో కార్ ఏసీ పని చేసుకుని బతికేవాడిని. నా చేతికొచ్చే పాత కార్లలో సగానికి పైగా చల్లదనం పోయేది ఆ బాక్సు దగ్గరే. అందుకే ఈ ఉత్తరం.

పోయిన వేసవిలో గుంటూరు నుంచి ఒక డాక్టరు గారు 1996 మోడల్ మెర్సిడెస్ ఈ220 తీసుకొచ్చారు. మెర్సిడెస్ వాళ్లు 1995లో పుణెలో మన దేశంలో తయారీ మొదలుపెట్టింది ఈ మోడల్‌తోనే. కారు బయటికి అద్దంలా ఉంది. లోపల కూర్చుంటే మాత్రం చెమట. అంతకు ముందు వేరే షెడ్డులో గాలిని చల్లబరిచే కూలింగ్ కాయిల్ మార్చారట. ఆ తర్వాత నుంచి ప్రతి ఎండాకాలం గ్యాస్ కొట్టిస్తూనే ఉన్నారు. గేజ్ పెట్టి చూస్తే ప్రెషర్లు బాగానే ఉన్నాయి. గ్యాస్ ఉంది, కంప్రెసర్ పనిచేస్తోంది, గాలి మాత్రం వెచ్చగా వస్తోంది.

ఈ కారులో కూలింగ్ కాయిల్ చూడాలంటే డ్యాష్‌బోర్డ్ మొత్తం దించాల్సిందే. దించాం. బాక్సు రెండు సగాలుగా ఉంటుంది, చుట్టూ స్టీలు క్లిప్పులు పట్టి ఉంచుతాయి. సగం క్లిప్పులు లేవు, వాటి బదులు సిలికాన్ పూసి అతికించారు. విప్పగానే లోపల నుంచి నల్లటి పొడి రాలింది. అది దుమ్ము కాదు, ఫ్లాపులకు, అంటే గాలి దారి మార్చే చిన్న తలుపులకు, అతికించిన పాత ఫోమ్. ముప్ఫై ఏళ్ల వేడికి, తేమకి అది పిండి అయిపోతుంది. గాలి వచ్చే వెంట్లలో నుంచి ఒళ్లో నల్లటి నలుసులు పడుతున్నాయని చెప్పే ప్రతి పాత కారు యజమానీ ఈ ఫోమ్ గురించే చెబుతున్నట్టు.

ఆ బాక్సులో కూలింగ్ కాయిల్, హీటర్ కాయిల్ రెండూ పక్కపక్కనే ఉంటాయి. హీటర్ కాయిల్‌లో ఇంజిన్ నుంచి వచ్చే వేడినీళ్లు తిరుగుతాయి. గాలి ఎటు పోవాలో ఫ్లాపులు నిర్ణయిస్తాయి. ఫ్లాపు అంచుకు ఫోమ్ లేకపోతే అది మూసుకున్నా మూసుకోనట్టే. చల్లబడిన గాలి రావలసిన వెంటుకు రాకుండా కాళ్ల దగ్గరికో, ముందద్దం మీదికో పోతుంది. దానికి తోడు ఈ కారులో హీటర్ నీళ్ల వాల్వ్ కరెంటు అందితేనే మూసుకుంటుంది, కరెంటు లేకపోతే తెరుచుకునే ఉంటుంది. చలిదేశంలో వాల్వ్ పాడైనా మనిషి గడ్డకట్టకూడదని అలా చేశారు. మన దగ్గర అదే వాల్వ్ వైరు లూజ్ అయితే మే నెల మధ్యాహ్నం ఏసీతో పాటు హీటర్ కూడా నడుస్తుంది. డాక్టరు గారి కారులో జరిగిందదే. కాయిల్ మార్చినవాళ్లు ఆ వాల్వ్ ప్లగ్గు సరిగ్గా పెట్టలేదు. దానికి ఆయన ఏటా గ్యాస్ డబ్బులు కట్టారు.

బాక్సు విప్పడం ఒక పూట పని. శుభ్రంగా మళ్లీ బిగించడమే అసలు పని. బాక్సు సగాలు రెండూ సబ్బునీళ్లతో కడిగి ఎండబెట్టాలి. పాత జిగురు గీకాలి. ఫ్లాపులకు నీరు పీల్చని రబ్బరు ఫోమ్ షీటు కొలత ప్రకారం కోసి అతికించాలి. మందం ఎక్కువైతే ఫ్లాపు పూర్తిగా మూసుకోదు, తక్కువైతే సందు మిగులుతుంది. అందుకే ఒక్కొక్క ఫ్లాపునూ వేలితో తిప్పి, అంచు చుట్టూ ఒకేలా నొక్కుకుంటోందా అని చూడాలి. ఈ మోడల్‌లో ఫ్లాపులను లాగేవి వాక్యూమ్ డబ్బాలు, లోపలి గాలి పీల్చేస్తే కదిలేవి. వాటి లోపలి రబ్బరు చిరిగిపోతుంది. మధ్య వెంటు తెరుచుకోకపోతే ముందు వాటినే అనుమానించాలి. చేతి పంపుతో ఒక్కోదానిలో గాలి లాగి, పంపు మీటరు సూది నిలబడుతుందో లేదో బల్ల మీద ఉండగానే చూసుకోవాలి. లోపలికి ఎక్కించాక మళ్లీ అందవు.

బాక్సు మూసే ముందు మేం చేసే పరీక్ష ఒకటుంది. చిన్న టార్చిలైటు వెలిగించి లోపల పెట్టి, క్లిప్పులు బిగించి, షట్టర్ దించి లైట్లన్నీ ఆర్పేస్తాం. ఎక్కడ సందు ఉంటే అక్కడ సన్నటి గీతలా వెలుతురు కనిపిస్తుంది. డాక్టరు గారి కారు బాక్సులో హీటర్ పైపులు బయటికొచ్చే చోట అలా ఒక గీత కనిపించింది. మళ్లీ విప్పి, అక్కడ ఫోమ్ ముక్క మార్చి, మళ్లీ మూశాం. తర్వాత ఒక గ్లాసుడు నీళ్లు లోపల పోసి డ్రెయిన్ పైపుల్లోంచి కిందికి కారుతున్నాయా అని చూశాం. ఆ పైపు మూసుకుపోతే కారులో కార్పెట్ తడిసి ముక్కిన వాసన వస్తుంది, కొన్నాళ్లకు ఫ్లోరు తుప్పు పడుతుంది. హీటర్ కాయిల్‌ను ముందే నీళ్ల తొట్టిలో ముంచి గాలి పట్టి చూశాం. పైపు అతుకుల్లో కొత్త ఓరింగులు (రబ్బరు రింగులు), కాయిల్‌లోకి గ్యాస్ వదిలే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ కొత్తది వేశాం. డ్యాష్‌బోర్డ్ ఎక్కించాక మధ్య వెంటులో థర్మామీటర్ పెడితే 7 డిగ్రీలు చూపించింది. గ్యాస్ అంతకు ముందు ఉన్నంతే పట్టాం.

ఇక్కడ యజమానులకు ఒక మాట. ఫోమ్ షీటు ఖరీదు కొన్ని వందలు. దానికి పట్టే టైముకు డబ్బులు ఎవరూ ఇవ్వరు. కాయిల్‌కు ఇంత, గ్యాస్‌కు ఇంత, లేబర్‌కు ఇంత అని మాట్లాడుకుని, రెండో రోజు నుంచే ఎప్పుడిస్తావని ఫోన్లు చేస్తారు. ఆ టెన్షన్‌లో కుర్రాడు విరిగిన క్లిప్పు బదులు సిలికాన్ పూసేస్తాడు. డ్యాష్‌బోర్డ్ దింపిన రోజున బాక్సు విప్పి చూపించమని అడగండి, మూసే ముందు మీరే వచ్చి చూడండి, ఆ పనికి విడిగా డబ్బులు ఇవ్వండి.

ఇంకొకటి. హీటర్ మన ఊళ్లో ఎందుకని దాని పైపులు కలిపి కట్టేయించుకునేవాళ్లు చాలామంది. దయచేసి అలా చేయించకండి. వానాకాలంలో లోపల అద్దాలు మసకబారితే ఏసీ గాలిలోని తేమను తీసేస్తుంది, హీటర్ ఆ పొడి గాలిని కొంచెం వెచ్చబెడుతుంది. రెండూ కలిస్తేనే అద్దం త్వరగా తేటపడుతుంది. జనవరిలో తెల్లవారుజామున లంబసింగి ఘాట్ ఎక్కేవాళ్లకు, ఎదురొచ్చే బస్సు కనిపించడానికి అది కావాలి. పాత కారును ఉన్నది ఉన్నట్టు నిలబెట్టాలనుకునేవాళ్లు హీటర్‌ను చంపేయడం నాకు బాధగా ఉంటుంది.

గ్యాస్ విషయం కూడా చిన్నది కాదు. ఇంతకంటే పాత కార్లలో ఉండేది ఆర్12 అనే గ్యాస్. ఓజోన్ పొరను దెబ్బతీస్తుందని 1987 నాటి మాంట్రియల్ ఒప్పందంతో దాన్ని తగ్గిస్తూ వచ్చారు, 2010 నాటికే మన దేశంలో ఏసీల కోసం దాని తయారీ ఆగిపోయింది. దాని బదులు వచ్చిన ఆర్134ఏ గ్యాస్ ఓజోన్‌ను ఏమీ చేయదు గానీ, ఒక కిలో గాలిలోకి వదిలితే దాదాపు 1,430 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదిలినంత వేడి పెంచుతుంది. ఇలాంటి పెద్ద కారులో పట్టేది దాదాపు కిలో. బాక్సు తప్పును గ్యాస్ తప్పనుకుని ఏటా గ్యాస్ పైపు వాల్వ్ నొక్కి ఉన్న గ్యాసంతా బయటికి ఊదేసి కొత్తది పట్టడం రోజూ చూస్తున్నాను. గ్యాస్‌ను వెనక్కి లాగి సిలిండర్‌లో దాచే మెషిన్లు ఉన్నాయి. చిన్న షెడ్డువాడు ఒక్కడే కొనలేడు. ఆటోనగర్‌లో నాలుగైదు షెడ్లకు కలిపి ఒకటి పెట్టడానికి ప్రభుత్వం సాయం చేయాలి.

ఐటీఐల్లో మోటార్ మెకానిక్ ట్రేడ్ ఉంది, రిఫ్రిజిరేషన్ ఏసీ ట్రేడ్ వేరే ఉంది. కారు ఏసీ బాక్సు ఈ రెంటికీ మధ్యన పడిపోయినట్టుంది. నా దగ్గరికి పనికొచ్చే కుర్రాళ్లకు గేజ్ పెట్టడం తెలుసు, బాక్సు లోపల చూసినవాళ్లు అరుదు. తుక్కు కార్ల నుంచి తీసిన బాక్సులు ఆటోనగర్‌లో తక్కువ ధరకే దొరుకుతాయి. ప్రతి ఐటీఐలో ఒకటి బల్ల మీద పెట్టి పిల్లలతో విప్పించి, బిగింపించండి. విజయవాడ చుట్టుపక్కల ఏ ఐటీఐ వాళ్లు అడిగినా ఒక బాక్సు నేనే తెస్తాను. ఫోమ్, క్లిప్పులు కూడా తెచ్చి, పిల్లల దగ్గరుండి చేయిస్తాను.

ఇట్లు,
ఒక కార్ ఏసీ మెకానిక్,
ఆటోనగర్, విజయవాడ.