టైగర్ మాత్ కిట్టులో ఏటవాలుగా కోసిన రిబ్బుల గురించి ఫిర్యాదు

మిర్యాలగూడ,
నల్లగొండ జిల్లా.

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: పైనా కిందా రెక్కలుండే టైగర్ మాత్ విమానం 1/6 స్కేలు చెక్క మోడల్ కిట్టు – కింది కుడి రెక్క రిబ్బులు (రెక్కకు ఆకారమిచ్చే అడ్డపట్టీలు) మార్చి పంపడం గురించి.

అయ్యా,

మీ దగ్గర 14,500 రూపాయలు పెట్టి కొన్న కిట్టు గురించి నేను రాస్తున్న రెండో ఉత్తరం ఇది. రిబ్బులు విరిగాయని రాసిన మొదటిదానికి మీవాళ్లు "గమ్ము ఎక్కువ పెట్టి గట్టిగా నొక్కి ఉంటారు" అని జవాబిచ్చారు. ఆ మాటకు చాలా బాధపడ్డాను. నేను వడ్రంగిని. మా నాయన ఎడ్లబండ్లు చేసేవాడు. చక్రానికి ఆకులు చెక్కేటప్పుడు తుమ్మకర్రలో నార ఎటు పోతుందో చూపించనిదే నా చేతికి బాడిస ఇచ్చేవాడు కాదు.

పై రెక్కలు రెండూ, కింది ఎడమ రెక్క బాగా కుదిరాయి. రోజూ షాపు కట్టేశాక రాత్రిపూట నేనూ, ఇంటర్ చదివే మా బిడ్డా కూర్చొని నెల రోజులు చేశాం. కింది కుడి రెక్క మొదలుపెట్టి, ప్లాను మీద స్పార్లకు, అంటే రెక్క పొడుగునా పోయే కర్రలకు, పిన్నులు కొట్టి, గమ్ము పెట్టకముందు ఒకసారి రిబ్బులు తొడిగి చూద్దామనుకున్నాం. మూడో రిబ్బు మా బిడ్డ రెండు వేళ్ల మధ్యే టిక్కుమంది. స్పారు గాడి దగ్గర ఐమూలగా చీలింది. తను భయపడి చెయ్యి వెనక్కి తీసుకుంది. తప్పు తనదేననుకుంది పాపం. ఆ తర్వాత నేనే మెల్లగా తొడిగితే ఇంకో రెండు అట్లాగే పోయాయి. అప్పటికి గమ్ము సీసా మూతే తియ్యలేదు.

రిబ్బులు ఊడదీసిన బాల్సా అనే తేలిక కర్ర షీటు చట్రాన్ని వెలుతురుకు పట్టి చూశాను. వెడల్పు నాలుగు అంగుళాలే. మిగతా రెక్కల రిబ్బులన్నీ నార వెంట పొడుగ్గా కోశారు. ఈ రెక్కకు చెందిన 11 రిబ్బుల్లో ఏడింటిని మాత్రం ఏటవాలుగా పెట్టి కోశారు, షీటులో మిగిలిన జాగాలో ఇరికించినట్టున్నారు. ఈ రిబ్బు ఎత్తే 14 మిల్లీమీటర్లు. పైన 5, కింద 5 మిల్లీమీటర్ల స్పారు గాడులు పోగా మధ్యలో మిగిలేది 4. ఆ నాలుగింట్లో నార అడ్డంగా తెగిపోతే ఇంక పట్టుకొని ఉండేదేముంది?

నా మాట నమ్మకపోతే మీరే చూసుకోండి. అదే షీటు నుంచి ఒకే కొలతలో రెండు బద్దలు తీశాను, ఒకటి నార వెంట, ఇంకొకటి ఏటవాలుగా. ఒక కొసను బెంచీకి బిగించి, రెండో కొసకు ఒకే సైజు బోల్టులు ఒక్కొక్కటే వేలాడదీశాను. నార వెంట తీసింది తొమ్మిది మోసింది. ఏటవాలుది నాలుగోదానికే విరిగింది. ఫొటోలు, బిల్లు జత చేశాను. విరిగిన రిబ్బులూ దాచి పెట్టాను, అడిగితే పంపిస్తాను.

మీ ప్లాను గీసినవారు మాత్రం ఈ విమానాన్ని ప్రేమించి గీశారు. ముందు సీటులోని మనిషి పారాచూట్‌తో సులువుగా దిగడానికి పై రెక్కను ముందుకు జరిపి, బరువు తూకం చెడకుండా రెక్కల కొసలను వెనక్కి వంచారు కదా, ఆ వంపు ప్లానులో సరిగ్గా ఉంది. అసలు విమానంలో లాగే ఎయిలరాన్లు, అంటే విమానాన్ని పక్కకు ఒరిగించే కదిలే పలకలు, కింది రెక్కలకే పెట్టారు. నా భయమంతా అక్కడే. పక్కకు ఒరిగేటప్పుడు ఆ ఎయిలరాన్ల లాగుడంతా పడేది ఈ కింది రెక్కల రిబ్బుల మీదే. ఇది అద్దాల బీరువాలో పెట్టుకునే బొమ్మ కాదు. మోటారు బిగించి మైదానంలో ఎగరేస్తాం, చుట్టూ పిల్లలుంటారు.

నేను డబ్బులు వాపసు అడగడం లేదు. ఆ రెక్కకు 11 రిబ్బులూ నార వెంట కొత్తగా కోసి, 15 రోజుల్లో మీ ఖర్చుతో పంపండి. ఈ కోత కంప్యూటర్ ఫైలుతోనే ఇంకా కిట్లు కోసి ఉంటే, కొన్నవాళ్లకు రెక్క కట్టకముందే కబురు చెయ్యండి. తప్పు మా బిడ్డది కాదని కూడా జవాబులో ఒక్క ముక్క రాయండి, తనకు చూపిస్తాను.

గడువులోగా ఏ జవాబూ రాకపోతే నల్లగొండలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు ఇస్తాను. కొన్నవాళ్లు తామున్న జిల్లాలోనే కేసు వేసుకోవచ్చని 2019 చట్టంలో ఉంది.

సగం కట్టిన రెక్క పిన్నులతో సహా నా బెంచీ మీదే ఉంది. మీ పార్సిల్ కోసం చూస్తుంటాం.

ఇట్లు,
మీ కిట్టు కొన్న వడ్రంగి,
మిర్యాలగూడ.