పెన్ టూల్ నేర్పని గ్రాఫిక్స్ శిక్షణ

సంపాదకులకు నమస్కారం.

డీటీపీ, గ్రాఫిక్ డిజైన్ కోర్సుల వల్ల చిన్న పట్టణాల యువతకు దొరుకుతున్న ఉపాధి గురించి మీ పత్రికలో ఇటీవల వచ్చిన వ్యాసం చదివాను. అందులో చెప్పిన అవకాశాలు నిజమే. కానీ ఆ కోర్సులు ముగించుకుని నా దుకాణానికి పని కోసం వచ్చే పిల్లల్లో చాలామందికి పెన్ టూల్‌తో (కంప్యూటర్‌లో పాయింట్లు పెట్టి వాటి మధ్య వంపు గీతలు గీసే పరికరంతో) ఒక సున్నను కుదురుగా చుట్టడం రాదన్న సంగతి ఆ వ్యాసంలో లేదు. అది చెప్పడానికే ఈ లేఖ. నేను ఇరవై ఏళ్లు కుంచెతో బోర్డులు రాసి, ఫ్లెక్సీలు వచ్చాక గత్యంతరం లేక మౌస్ పట్టినవాణ్ణి. ఇప్పుడు బోర్డులు, రేడియం స్టిక్కర్లు, శుభలేఖలు చేసే చిన్న దుకాణం నడుపుతున్నాను.

నిరుడు ఒక పాఠశాలవారు స్వర్ణోత్సవ బోర్డు మీద తమ చిహ్నాన్ని నాలుగడుగుల వెడల్పున వినైల్ స్టిక్కరుతో అతికించమన్నారు. వారి దగ్గర ఉన్నదల్లా వాట్సాప్‌లో పదిమంది చేతులు మారి వచ్చిన ఒక జేపీజీ బొమ్మ. దాని వెడల్పు 480 పిక్సెళ్లు. నాలుగడుగులంటే 48 అంగుళాలు కనుక అంగుళానికి వచ్చేది పది పిక్సెళ్లే, అంటే ఒక్కో పిక్సెల్ రెండున్నర మిల్లీమీటర్ల గడి అవుతుంది. ఆ రోజు నేను ఊళ్లో లేను. కొత్తగా చేరిన కుర్రాడు తనకు నేర్పిన పద్ధతిలోనే ఆటో ట్రేస్ (బొమ్మ అంచుల వెంట సాఫ్ట్‌వేరే గీతలు గీసే ఆదేశం) నొక్కి, బొమ్మ వెక్టర్‌గా, అంటే గీతల బొమ్మగా మారిందని సంబరపడి, ఫైలును వినైల్‌ను బ్లేడుతో కోసే కటింగ్ ప్లాటర్‌కు పంపేశాడు. స్క్రీన్ మీద అంతా సవ్యంగానే కనబడింది. ప్లాటర్ బ్లేడు మాత్రం చిహ్నంలోని దీపజ్వాల అంచు వెంట సాఫీగా సాగకుండా, గతుకుల రోడ్డు మీద సైకిల్‌లా అడుగడుగునా ఆగుతూ, వణుకుతూ, చివరికి వినైల్‌ను పైకి లేపి చించేసింది. మర్నాడు ఫైలు తెరిచి చూస్తే ఆ ఒక్క జ్వాల చుట్టూ 212 నోడ్లు (గీతను పట్టి ఉంచే పాయింట్లు) ఉన్నాయి. నిజానికి జ్వాలకు కావలసినవి నాలుగు: కొసన ఒకటి, ఇరుపక్కలా ఉబ్బిన చోట ఒక్కొక్కటి, అడుగున ఒకటి.

తప్పు ఆ కుర్రాడిది కాదని నా అభిప్రాయం. చుక్కల బొమ్మకు, గీతల బొమ్మకు తేడా ఏమిటో అతనికి ఎవరూ చేతితో చేయించి చూపలేదు. ఫోటోలో ఉండేవి రంగు చుక్కలు, వాటిని ఎంత పెద్దవి చేస్తే అంత గడులు బయటపడతాయి. వెక్టర్ ఆకారంలో ఉండేవి పాయింట్లు, వాటికి రెండు పక్కలా చేతుల్లా సాగే హ్యాండిళ్లు. రెండు పాయింట్ల మధ్య వంపు ఏ దిశగా బయలుదేరాలో, ఏ దిశ నుంచి వచ్చి చేరాలో హ్యాండిల్ వాలు చెబుతుంది. ఆ దిశలో ఎంత దూరం పట్టుగా సాగాలో దాని పొడవు చెబుతుంది. కంప్యూటర్ గుర్తుపెట్టుకునేది ఈ కొలతలనే కాబట్టి, అదే ఆకారాన్ని శుభలేఖ మూలన అరంగుళంలో వేసినా, ఊరి పొలిమేరలో ఇరవై అడుగుల ఫ్లెక్సీ మీద వేసినా అంచు చెదరదు.

తెలుగు సున్ననే తీసుకుందాం. దానికి పైన, కుడివైపు, కింద, ఎడమవైపు నాలుగు పాయింట్లు చాలు. పైన, కింద ఉన్నవాటి హ్యాండిళ్లు అడ్డంగా, పక్కన ఉన్నవాటి హ్యాండిళ్లు నిలువుగా ఉండాలి, అందుకు షిఫ్ట్ నొక్కిపట్టి లాగితే సరి. ఒక్కో హ్యాండిల్ పొడవు వ్యాసార్ధంలో సుమారు 55 శాతం ఉంటే కంటికి అది నిఖార్సయిన వృత్తమే. అంతకంటే తగ్గితే సున్న పక్కలు నొక్కుకుపోయి పలకలుగా, పెరిగితే మూలలు ఉబ్బి దిండులా కనబడుతుంది. ఇక ‘ర’ రాయాలంటే తలకట్టు దగ్గర కొత్త పాఠం మొదలవుతుంది. తలకట్టు గీత కిందికి దిగి, అక్కడ కోసుగా మలుపు తిరిగి పైకి లేస్తుంది. ఆ మలుపులో పాయింటుకు రెండు పక్కల హ్యాండిళ్లూ ఒకే సరళరేఖ మీద ఉండిపోతే తలకట్టు కాస్తా కొక్కెంలా వంకర తిరుగుతుంది. ఫోటోషాప్‌లో, ఇలస్ట్రేటర్‌లో ఆల్ట్ నొక్కి ఒక హ్యాండిల్‌ను విడదీసి పైకి తిప్పాలి, కోరల్‌డ్రాలో ఆ నోడ్‌ను కస్ప్‌గా (కోసు మలుపుగా) మార్చాలి. ఈ ఒక్క కదలిక చేతికి అలవాటైతే పెన్ టూల్‌లో సగం వచ్చినట్టే.

కుంచె పట్టిన రోజుల్లో మా గురువుగారు వంపు మధ్యలో కుంచె ఎత్తనిచ్చేవారు కాదు. ఎత్తితే అతుకు తెలిసిపోతుంది. అక్షరం బాగా పక్కకు జరిగిన చోట, బాగా పైకి లేక కిందికి వెళ్లిన చోట మాత్రమే చేతిని సర్దుకోమనేవారు. పాయింట్లు పడవలసిన చోట్లు సరిగ్గా అవేనని నాకు మౌస్ పట్టిన చాలాకాలానికి గాని తట్టలేదు.

ఈ వంపుల లెక్క పుట్టింది కూడా కాగితం మీది బొమ్మల కోసం కాదు, కార్ల రేకుల కోసం. ఫ్రాన్స్‌లో సిట్రోయెన్ కంపెనీలో పాల్ ద కాస్టెల్జో 1959లోనే దీన్ని కనిపెట్టినా, కంపెనీ ఆ సంగతిని బయటికి పొక్కనివ్వలేదు. 1960ల్లో రెనో ఇంజినీరు పియెర్ బెజియే ఇదే దారిలో పనిచేసి ప్రచురించడం వల్ల ఆ వక్రాలకు ఆయన పేరు స్థిరపడింది. నమూనా చేసేవాడి కంటికి, అచ్చు కోసే యంత్రానికి మధ్య వంపు మారిపోకూడదన్నది వారి తాపత్రయం. 1984లో వచ్చిన పోస్ట్‌స్క్రిప్ట్ (పేజీ రూపాన్ని ప్రింటరుకు చెప్పే కంప్యూటర్ భాష) ద్వారా అది ముద్రణారంగంలోకి, 1987లో ఇలస్ట్రేటర్ పెన్ టూల్ రూపంలో చిత్రకారుల చేతిలోకి వచ్చింది.

ఫోటోలకు దీనితో పనేమిటని అడిగేవారికి ఇత్తడి కుంది ఫోటో ఒకటి ఇచ్చి వెనుక భాగం తీసేయమంటాను. మెరిసే అంచులో గోడ రంగే ప్రతిఫలిస్తుంది కనుక ఒక్క నొక్కుతో ఎంపిక చేసే పరికరాలు కుంది అంచును కొరికేస్తాయి. పెన్ టూల్‌తో అంచుకు ఒకటి రెండు పిక్సెళ్లు లోపలగా గీత నడిపితే వెనుక రంగు ఛాయ మిగలదు. ఇక్కడ కొత్తవాళ్లు తికమకపడే చోటు ఒకటుంది: ఫోటోషాప్‌లో పైన ఉన్న పట్టీలో షేప్ అని ఉండగా గీస్తే రంగు నిండుతూ కింది ఫోటోను కప్పేస్తుంది, కాబట్టి ఈ పనికి పాత్ అని మార్చుకోవాలి. పెన్ టూల్ అన్నిటికీ మందు అని నేననడం లేదు. గాలికి చెదిరిన జుట్టు, చీర కుచ్చుల పోగులు దానికి లొంగవు, అక్కడ మాస్కులే (ఫోటోలో అక్కర్లేని భాగాన్ని చెరపకుండా దాచే పద్ధతి) గతి. చెట్టు బెరడు, రాతి గరుకుదనం వంటివాటికి ఆటో ట్రేసే నయం. అక్షరానికి, చిహ్నానికి, పాత్రకు, నగకు మాత్రం మనిషి కన్నే కావాలి.

శిక్షణ కేంద్రాల్లో జరుగుతున్నదేమిటంటే, మూడు నెలల కోర్సులో పెన్ టూల్‌కు ఒక పూట కేటాయించి, మెనూల పేర్లు, షార్ట్‌కట్లు పరీక్షలో అడిగి సర్టిఫికెట్ ఇచ్చేస్తున్నారు. ‘పి’ నొక్కితే పెన్ టూల్ వస్తుందని తెలిసినంత మాత్రాన పెన్ టూల్ రాదు కదా! సాఫ్ట్‌వేర్ ఖరీదు ఎక్కువన్న సాకు చెల్లదు, ఎందుకంటే ఇంక్‌స్కేప్, గింప్ రెండూ ఉచితమే, రెండింటిలోనూ బెజియే వక్రాలు గీయవచ్చు. మొదటి పక్షం రోజులు వేరే ఏదీ ముట్టుకోకుండా రోజుకు రెండు తెలుగు అక్షరాలు గీయించి, ఎన్ని పాయింట్లతో గీశారో లెక్కబెట్టి మార్కులు వేస్తే ఎంతో మేలు జరుగుతుంది. మన అక్షరాలంతటి గుండ్రని పాఠ్యపుస్తకం ఈ పనికి మరొకటి దొరకదు. మండలి, రామభద్ర, గిడుగు వంటి ఉచిత ఫాంట్లలో ఒక అక్షరాన్ని ఇంక్‌స్కేప్‌లో పాత్‌గా మార్చి, రూపకర్త నోడ్లు ఎక్కడ పెట్టాడో విద్యార్థులకు చూపవచ్చు (ట్రూటైప్ అనే రకం ఫాంట్లలో వక్రాల లెక్క కాస్త వేరు గనుక అక్కడ నోడ్లు కొంచెం ఎక్కువ కనబడతాయి, దాన్ని చూసి కంగారు పడనక్కర్లేదు).

పాఠశాలలకు, సంఘాలకు, కార్యాలయాలకు కూడా నాదొక మనవి. మీ చిహ్నాన్ని ఒక్కసారి చేయి తిరిగినవాడితో వెక్టర్‌గా గీయించి, ఎస్‌వీజీ (వెక్టర్ బొమ్మల ఫైలు రకం) లేదా పీడీఎఫ్ ఫైలును భద్రపరచుకోండి. వాట్సాప్‌లో బొమ్మగా కాక ఆ ఫైలునే డాక్యుమెంటుగా పంపితే మీ పనీ మా పనీ తేలికవుతుంది.

చినిగిన ఆ జ్వాలను మర్నాడు కుర్రాడి చేతనే మళ్లీ గీయించాను. మొదట పదకొండు పాయింట్లు వచ్చాయి, సాయంత్రానికి ఆరుకు తెచ్చాడు. కొస దగ్గర హ్యాండిళ్లు విడదీయడానికే గంట పట్టింది. ఫైలు ప్లాటర్‌కు పంపాక బ్లేడు ఎక్కడా ఆగకుండా అంచు చుట్టూ తిరిగొచ్చింది, అతను మాత్రం దగ్గరే నిలబడి చివరి మలుపు దాకా దాన్నే చూస్తూ ఉండిపోయాడు.

భవదీయుడు,
ఒక బోర్డుల చిత్రకారుడు,
తణుకు.