టార్గెట్ల గురించి చిన్నమ్మాయికి

కొండపి

చిన్నమ్మాయికి నాన్న ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో నువ్వన్న మాటలు మనసులోంచి పోవడం లేదమ్మా. మీ బ్యాంకు బ్రాంచిలో నీ కింద పనిచేసే పిల్లలు పని సరిగ్గా చేయడం లేదనీ, ఫారాల నిండా తప్పులేననీ, ఈ నెల నుంచి ఇంకా బిగిస్తాననీ అన్నావు. నెలకింత అమ్మాలన్న టార్గెట్ల కోసం పై ఆఫీసు నుంచి పొద్దస్తమానం ఫోన్లనీ, టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదనీ కూడా అన్నావు. నాకైతే ఆ రెండూ ఒకటే సంగతి అనిపించింది. నీ మీద పడింది నువ్వు వాళ్ల మీద వేస్తున్నావు. వాళ్లు ఖాతాదారుల మీద వేస్తున్నారు.

ఆ ఖాతాదారులు ఎలాంటివాళ్లో ఇక్కడ కళ్లారా చూస్తున్నాను. మన వీధిలో ఒక పెద్దాయన పొగాకు డబ్బులు రాగానే ఫిక్స్‌డ్ డిపాజిట్ వేద్దామని బ్యాంకుకు వెళ్లాడు. ఆయనకు అంటగట్టింది బీమా పాలసీ. ఏటా కట్టాలన్న సంగతి రెండో ఏడు నోటీసు వస్తేగానీ తెలియలేదు. అప్పటికి వెనక్కి ఇచ్చే గడువు ఎప్పుడో దాటిపోయింది. సంతకాలు పెట్టించిన కుర్రాణ్ణి ఊరంతా తిట్టింది. ఆ కుర్రాడు ఏడాది తిరక్కుండా ఉద్యోగం మానేశాడు. నెలాఖరు వస్తుంటే అన్నం సయించేది కాదని చెప్పుకున్నాడట.

అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు కథ నాకంటే నీకే బాగా తెలుసు. ఒక్కో ఖాతాదారుకు ఖాతాలూ కార్డులూ లాంటివి ఎనిమిది అమ్మాలని వెంటపడితే, ఉద్యోగులు జనానికి తెలియకుండానే వాళ్ల పేర్లతో లక్షల ఖాతాలు తెరిచారు. 2016లో 18.5 కోట్ల డాలర్ల జరిమానా పడింది. దాదాపు 5,300 మందిని తీసేశామని చెప్పారు. అంతమంది పుట్టుకతోనే మోసగాళ్లా? ఒక్క బ్యాంకుకే అంతమంది దొరికారా?

కష్టపడొద్దని కాదు నేననేది. పొగాకు కాల్చే బ్యారన్‌లో ఆకు ఎక్కించాక ఐదారు రోజులు రాత్రీ పగలూ ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాల్సిందే. కానీ కట్టెల ఖర్చు చూసుకుని నేను తొందరపెట్టి, ఆకు పసుపు తిరగకముందే వేడి పెంచితే, ఆ పచ్చ అట్లాగే నిలిచిపోతుంది. తర్వాత ఎంత మంట పెట్టినా పోదు. అందుకే మంట దగ్గరుండే మనిషి "ఇంకా ఆగాలి" అని నా మొహాన చెప్పగలగాలి. భయపడి ఊరుకున్నాడంటే, వేలం కేంద్రంలో బేలు ముందు రేటు పడిపోయినప్పుడు గానీ నాకు తెలిసిరాదు.

మీ బ్రాంచిలో "ఇది కుదరదు మేడమ్" అని నీతో అనేవాళ్లున్నారా? ఎవరూ అనడం లేదంటే దాన్ని మంచి గుర్తు అనుకోకు.

నీ ఒంటి సంగతి కూడా. వారానికి 55 గంటలు, ఆపైన పనిచేసేవాళ్లకు, 35–40 గంటలు చేసేవాళ్ల కంటే పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో చెప్పాయి. పొద్దున ఎనిమిదింటికి పోయి రాత్రి తొమ్మిదికి వస్తున్నావు. లెక్క నువ్వే వేసుకో. మీ అమ్మ ఈ మాట విన్నప్పటి నుంచీ దిగులుగా ఉంది.

పాలసీ చేతికొచ్చాక వద్దనుకుంటే 30 రోజుల్లోపు వెనక్కి ఇవ్వొచ్చని 2024లో నిబంధన వచ్చింది కదా. ఈ నెలలో మీరు అమ్మినవాటిలో పెద్దవయసువాళ్లెవరో చూసి, నువ్వే ఫోన్ చెయ్యి. ఏం కొన్నారో వాళ్ల నోటితో చెప్పించుకో. తెలియకుండా తీసుకున్నవాళ్లవి రద్దు చేయించు. నెలాఖరు మీటింగులో అందరి ముందూ పేరుపేరునా లెక్క చదివించి నిలబెట్టడం మానెయ్. ఈ టార్గెట్లతో పని ఎలా పాడవుతోందో పై ఆఫీసుకు రాతపూర్వకంగా పంపు. నోటిమాటగా చెబితే ఎవరికీ గుర్తుండదు.

దానివల్ల ప్రమోషన్ ఆగితే ఆగనీ. ఫ్లాటు కిస్తీకి ఇబ్బందయితే కొన్నాళ్లు మేం సర్దుతాం, అల్లుడుగారితో కూడా ఆ మాట చెప్పు. ఆదివారం ఫోన్ చెయ్యి.

మీ నాన్న