దాచుకున్న పిల్లలకే కోత పడుతోంది

సంపాదక మహాశయులకు,

పిల్లలకు డబ్బు విలువ తెలియాలంటే ప్రీపెయిడ్ కార్డు చేతికివ్వమని ప్రకటనలు చెబుతున్నాయి. మాట తప్పేమీ కాదు. వేసినంత మేరకే ఖర్చవుతుంది. కార్డు పోతే యాప్‌లో వెంటనే ఆపేయవచ్చు. అయితే ఆ కార్డుకు అయ్యే రుసుముల గురించి ప్రకటనలో చదవగలిగే సైజు అక్షరాల్లో ఎక్కడా ఉండదు.

నెలవారీ రుసుము, డబ్బు వేసిన ప్రతిసారీ కోత, ఏటీఎంలో తీస్తే ఒకటి, కొత్త కార్డుకు ఒకటి... కార్డును బట్టి వీటిలో కొన్ని ఉంటాయి, కొన్ని ఉండవు. పెద్దల ఖాతాలో ఇవి చిల్లర లెక్క. పిల్లల ఖాతాలో అలా కాదు. వారానికి 100 చొప్పున నెలకు 400 వేశామనుకుందాం. నెలవారీ రుసుము 20, వేసిన ప్రతిసారీ 5 చొప్పున మరో 20 పోతే, పదో వంతు కార్డుకే చెల్లించినట్టు. అందుకని వారం వారం కాక నెలకోసారి వేసి, యాప్‌లోనే వారానికింత అని పరిమితి పెట్టడం మేలు. అన్నింటికన్నా అన్యాయమైనది, కొన్ని నెలలు వాడకపోతే విధించే రుసుము. ఖర్చుపెట్టకుండా దాచుకున్న పిల్లలకే ఆ జరిమానా! ప్రీపెయిడ్ నిల్వ మీద మామూలుగా వడ్డీ కూడా రాదు కాబట్టి, యాప్‌లో కనిపించే ‘పొదుపు డబ్బా’ చాలాసార్లు బొమ్మ మాత్రమే. ఆరు నెలలకు పైగా దాచాలనుకున్న డబ్బును పొదుపు ఖాతాకు మార్చాలి.

ఇక నేర్పే పద్ధతి. డబ్బు ఒకే తేదీన, ఒకే మొత్తంలో పడాలి. నిల్వ తగ్గగానే దానంతటదే నింపే ఆటో టాప్-అప్‌ను మొదటిరోజే ఆపేయాలి. అది నడుస్తున్నంతకాలం కార్డు ఖాళీ అవదు, పిల్లలకు లెక్క అవసరమూ పడదు. నెల మధ్యలో కార్డు తిరస్కరణకు గురైతే కంగారుపడి నింపకండి. నేర్చుకునేది అక్కడే. ఖర్చు సందేశాలు పిల్లల ఫోనుకూ వెళ్లాలి. తల్లిదండ్రులకే వెళ్తే పిల్లలు నేర్చేది లెక్క కాదు, తమపై నిఘా ఉందన్న సంగతి. కూడికలు, తీసివేతలు ఇంకా కుదరని పసివాళ్లకు మాత్రం నోట్లూ నాణేలే నయం. తగ్గిపోవడం కంటికి కనబడుతుంది.

తల్లిదండ్రులు ఎక్కువగా పొరబడేది నిషేధాల దగ్గర. కార్డు వ్యవస్థ దుకాణం రకాన్ని నాలుగంకెల కోడ్‌తో గుర్తిస్తుంది, కొన్న వస్తువును కాదు. జూదం సైట్లను ఆపగలరు గానీ, అన్నీ అమ్మే పెద్ద దుకాణంలో ఫలానా వస్తువును ఆపలేరు. ‘ఉచిత ట్రయల్’ పేరుతో ఒకసారి కార్డు నంబరు ఇస్తే గడువు తీరాక చందా కోత మొదలవుతుంది. కార్డును తాత్కాలికంగా ఆపినా చందా రద్దు కాదు, దాన్ని విడిగా రద్దు చేసుకోవాలి. నెట్‌వర్క్ లేనిచోట జరిగిన చెల్లింపు ఆలస్యంగా నమోదైతే, ప్రీపెయిడ్ కార్డులోనూ నిల్వ సున్నా కిందికి దిగవచ్చు.

భద్రత సంగతి మరీ తక్కువగా మాట్లాడతారు. యాప్ పేరు ఒకటి, కార్డు జారీచేసేది మరొకటి, డబ్బు ఉండే బ్యాంకు ఇంకొకటి కావచ్చు. 2020 జూన్‌లో జర్మనీ చెల్లింపుల సంస్థ వైర్‌కార్డ్ కుప్పకూలినప్పుడు, బ్రిటన్‌లో కార్డులు జారీచేసే దాని అనుబంధ సంస్థను అక్కడి నియంత్రణ సంస్థ కొద్ది రోజులు స్తంభింపజేసింది. దాని మీద ఆధారపడిన కార్డుదారులకు ఆ రోజుల్లో సొంత డబ్బే అందలేదు. 2024లో అమెరికాలో యాప్‌లకూ బ్యాంకులకూ మధ్య పనిచేసే సినాప్స్ అనే సంస్థ దివాలా తీసినప్పుడు, టీనేజర్లకు కార్డులిచ్చే ఒక యాప్ కూడా ఆ సేవను ఉన్నపళంగా ఆపేసింది.

నియంత్రణ సంస్థలు చేయాల్సింది పెద్ద సంస్కరణేమీ కాదు. పిల్లల కార్డులపై వాడకపోతే కోత వేయడాన్ని నిషేధించాలి. రుసుములన్నీ కలిపి, నెలకు వేసే మొత్తంలో ఎంత శాతమో దరఖాస్తు మొదటి పేజీలోనే చూపించాలి. డబ్బు ఏ బ్యాంకులో ఉందో, జారీ సంస్థ మూతపడితే ఎవరిని అడగాలో దాని పక్కనే రాయాలి. నిబంధన వచ్చేవరకు తల్లిదండ్రులు సంతకానికి ముందే ఈ వివరాలు రాతపూర్వకంగా అడగాలి. ఇవ్వని కంపెనీ కార్డు తీసుకోకపోవడమే మంచిది.

ఇట్లు,
ఒక పాఠకుడు